మూడో మాట

ఉతికిన బట్టలు మడతపెడుతూ ఆమె, కోడ్ రాసుకుంటున్న భర్త వైపు తొంగిచూసింది.

"పేరుండాల్సిన చోట ఆ గీత ఏంటండీ?"

"మూడు విలువలు ఒకేసారి వస్తాయి. కావలసిన రెండింటికీ పేర్లు పెట్టి అందుకుంటాం. అక్కర్లేనిదాన్ని ఆ గీతలో పడేస్తాం."

"కంప్యూటర్ ఊరుకుంటుందా?"

"మూడూ అందుకున్నామనుకుంటుంది, పిచ్చిది!"

"రాత్రి నేనూ మూడు మాటలు చెప్పాను. మూడింటికీ ఊఁ కొట్టారు. ఏంటవి?"

"పంపు కారుతోంది. మీ తమ్ముడొస్తున్నాడు."

"మూడోది?"

"ఏదో చిన్నదేలేవే."

"చిన్నదే. ఇంకా ఏడాది నిండలేదు."

ఆమె పాపను తెచ్చి అతని ఒళ్లో కూర్చోబెట్టింది. కొత్త ఉద్యోగంలో ఆమెకు ఇవాళే మొదటి రోజు. గుర్తింపు కార్డు మెడలో వేసుకుని గుమ్మం దాటింది.