మలుపుకాడి హారన్

1978, వానాకాలం. లాల్‌దర్వాజాలో రెండు రిక్షాలు పక్కపక్కన పట్టని గల్లీ, పొద్దుగూకే వేళ. లారీ డ్రైవర్ ఎల్లప్ప, వెల్డర్ ఇశ్రాయేలు కలిసి బొలీవియాకు పనికి పోయారు. తిరిగొచ్చింది ఇశ్రాయేలు ఒక్కడే. ఎల్లప్ప భార్య కృష్ణమ్మ అతన్ని ఇంటికి పిలిపించింది.

“చాయ్ తాగు తమ్మీ, సల్లారిపోతది.”

“తాగిన గద వదినా.”

“యాడ తాగినవ్? నిండుగనే ఉంది. నా దిక్కు జూడు. రేపు దినాలు జేస్తడంట మా మరిది వైకుంఠం. నా గాజులు తీపిస్తడంట. ఆయన పోయింది నువ్వు కండ్లార జూసిన అంటే తీస్త. లేకుంటే తియ్య. చెప్పు, జూసినవా?”

“కంపెనీవోళ్లు చెప్పిన్రు గద…”

“వాళ్లు బొంబాయిల కూసున్నరు. నిన్ను అడుగుతున్న.”

“మొగులుండె వదినా, తెల్లటి మబ్బు. ఆడ మొగులు నెత్తిమీద ఉండది, రోడ్డుమీదనే ఉంటది.”

“రైలు పట్టాల బోల్టులు మోసెటోనికి రోడ్డెందుకు? రైల్లనే ఎయ్యొచ్చు గద.”

“రెండు రైళ్లున్నయి. ఒకటి గుట్టలమీద, ఒకటి కింద అడవిల. రెండు కలువయి. ఆ దేశానికి సముద్రం సుత లేదు. సామాను పక్క దేశం రేవుల దించి, గుట్టమీదికి రైల్ల దెచ్చి, ఆడికెల్లి లారీల దింపాలె. నడుమ గా రోడ్డే దిక్కు.”

“ఎంత ఎడల్పు?”

“గీ గల్లీ అంత.”

“గింతలనా!”

“ఒక దిక్కు గుట్ట. ఇంకో దిక్కు… ఏం లేదు. పడ్డోళ్ల జాగల సిలువలు పాతుతరు. అన్నకు సుత పాతిన. ఆడ పసుపు కుంకుమ యాడ దేవాలె నేను?”

“సిలువ సంగతి ఇడిసిపెట్టు. బండి పడంగ జూసినవా?”

“మలుపుకాడ హారన్ కొట్టాలె వదినా. మన దగ్గర లెక్క జరుగు జరుగు అని కాదు. కొట్టి ఇనాలె. జవాబు రాకుంటే తొవ్వ ఖాళీ, ముందుకు పోవాలె. జవాబొస్తే కిందికెల్లి బండి ఎక్కుతున్నట్టు. ఎక్కెటోనిదే హక్కు. దిగెటోడు ఎన్కకు పోవాలె.”

“కొట్టిండా?”

“కొట్టిండు. రెండు చిన్నయి, ఒకటి పొడుగు.”

“అవ్… గట్లనే కొడుతడు. గౌలిపుర మూలకాడ కొట్టంగనే నేను ఎసరు పెడుతుంటి. మరి?”

“జవాబొచ్చింది.”

“వస్తే?”

“రూల్ తప్పెటోడా అన్న? ఆగిండు. టైర్ల ఎన్క రాళ్లు పెడదామని నేను దిగిన. ఎన్కకు తీసిండు. మొగుల్ల వోయిండు. సప్పుడు సుత రాలే వదినా. రాళ్లు పట్టుకొని అట్లనే నిలవడ్డ.”

“అంటే జూడలే.”

“వదినా…”

“జూడలే నువ్వు!”

“లేడు వదినా! గొంతు వోయేదాంక పిలిసిన. లేడు. రేపు మీ మరిది చెప్పినట్టు ఇను.”

“మరి రోజూ గీ యాళ్లకు హారన్ కొట్టేదెవరు?”

“పెద్ద రోడ్డుమీద లారీలకేం తక్కువ?”

“రెండు చిన్నయి, ఒకటి పొడుగు.”

“భ్రమ అది. నాకు సుత నిద్రల…”

“ఏంది? నీకు సుత?”

“ఏం లేదు.”

“మొన్న మూలమీద ఇనవడ్డది. నిన్న మా గోడకాడ.”

“గీ గల్లీల లారీ యాడ సొర్రుతది?”

“గీ గల్లీ అంత రోడ్డుమీదనే నడిపిండు అంటివి గద. భయమైతుంది తమ్మీ. తలుపేసుకొని, చెవులు మూసుకొని కూసుంటున్న.”

“చీకటైతుంది. నేను పోత.”

“ఆగు. ఇను.”

“ఏమినాలె? నేను…”

“ఇన్నవా?”

“ఇన్న. రెండు చిన్నయి, ఒకటి పొడుగు.”

“ఇంక భయపడ. గడపకాడికి పోయి గట్టిగ పిలుస్త, ఈడనే ఉన్న అని. ఇడువు నా చెయ్యి!”

“సప్పుడు చెయ్యకు వదినా, నీ కాళ్లు మొక్కుత! జవాబిస్తే మల్ల ఎన్కకు వోతడు.”