ఆఖరి సీసా ఫ్రాంటెనాక్

"ఆగరా డ్వేన్, తొందరేం? మూత తీసేముందు ఈ వైను సంగతి తెలుసుకోవద్దూ? మన మిన్నెసోటా చలికి పక్క తోటలవాళ్ళు ఏటా ద్రాక్షతీగల్ని పడుకోబెట్టి మట్టి కప్పేవాళ్ళు. నేను నిలబెట్టే ఉంచా. అడవి ద్రాక్షకీ ఫ్రెంచి ద్రాక్షకీ పుట్టిన బిడ్డ ఈ ఫ్రాంటెనాక్, దీనికి దుప్పటేమిటి? ఓ ఏడు జనవరిలో చెరువు అడుగుదాకా గడ్డకట్టింది. చేపలు..."

"స్వెట్టర్లు వేసుకున్నాయా సెల్మర్ అన్నా?" అన్నాడు డ్వేన్, కార్కు తీసే మర చేత్తో పట్టుకుని.

"నవ్వు, నవ్వు. ఎండాకాలానికి నా తీగలు విరగకాశాయి. ఆ తర్వాత ఏమైందో తెలుసా? పీపాలో పోసిన వైను మళ్ళీ వచ్చిన చలికి బిగుసుకుపోయింది. రంపంతో ముక్కలు కోసి, జేబుల్లో వేసుకుని ఊరంతా పంచా. పాస్టరుగారికి ఓ దుంగ!"

"ఆయన తాగరుగా బావా," వంటింట్లోంచి ఆర్డిస్ అరిచింది.

"తాగలేదమ్మా, నమిలాడు! అసలు సంగతి వినండి. తీగల మీదే మిగిలి పులిసిన పళ్ళు అడవి టర్కీ కోళ్ళు తిన్నాయి. థాంక్స్‌గివింగ్ పండగ పొద్దున తూలుకుంటూ వరసగా మా గుమ్మంలోకొచ్చాయి. పెద్దది తలుపు కొట్టి, 'లోపల మేమే నానేసుకున్నాం సెల్మర్ గారూ, పైన కాస్త వెన్న రాయండి, క్రాన్‌బెర్రీ పచ్చడి మర్చిపోకండి' అంది. కావాలంటే వెర్నాని అడుగు..."

సెల్మర్ సీసాని దగ్గరికి లాక్కున్నాడు. అతని భార్య వెర్నా పోయింది మొన్న మార్చిలోనే.

ఆర్డిస్ చేతులు తుడుచుకుంటూ వచ్చి పక్కన కూర్చుంది. "తీగలు నిలబెట్టిందీ, పళ్ళు కోసిందీ, వైను చేసిందీ మా అక్క. నువ్వు చలికాలమంతా పొయ్యి పక్కనుంచి లేస్తేగా! ఇది తన చేతి ఆఖరి సీసా అనేగా బావా, టర్కీ చల్లారిపోతున్నా కోతలు కోస్తున్నావు?"

"తీస్తే అయిపోతుంది ఆర్డిస్." అన్నాడు సెల్మర్.

"ఎలా అయిపోతుంది? మన మిన్నెసోటావాళ్ళలో ఆఖరి ముక్క తిన్నవాణ్ణి ఎప్పుడైనా చూశావా? పళ్ళెంలో కేకు ఎండిపోయేదాకా సగం, సగంలో సగం కోస్తూనే ఉంటాం. ఆఖరి గుక్క మాత్రం ఎవరు తాగుతారు?"

సెల్మర్ సీసాని కాసేపు నిమిరి డ్వేన్‌కి అందించాడు. పుల్ల చెర్రీల వాసన బల్లంతా పరుచుకుంది. టర్కీ మాంసంతో, పచ్చడితో అందరూ తాగారు, వెర్నాని తలుచుకున్నారు, నవ్వారు కూడా.

చివరికి సీసాలో ఒక్క గుక్క మిగిలింది. డ్వేన్ ఆర్డిస్ వైపు జరిపాడు. ఆవిడ "నాకొద్దు, నువ్వు తీసుకో" అంటూ సెల్మర్ వైపు జరిపింది. అతను సగం గ్లాసులోకి వంచుకుని మూత బిగించాడు.

"ఈ మిగిలిన సగంతో వచ్చే థాంక్స్‌గివింగ్‌కి ఊరంతటికీ పోస్తా, చూస్తుండండి!"

"ఇది మాత్రం నమ్ముతాను బావా," అంది ఆర్డిస్.