చీటీ అందుకోకు

డాక్టరుగారి గది బయట బల్ల మీద ఓ ముసలావిడ, ఆవిడ పక్కనే దగ్గుతున్న పసిపాపతో ఓ తల్లి.

“మళ్లీ వచ్చావేంటమ్మా?”

“ఈ వారంలో మూడోసారి మామ్మగారూ. పాలు తాగుతుంటే డొక్కలెగరేస్తోంది.”

“ఆ మాట ఆయనతో అన్నావా?”

“ఎక్కడ చెప్పనిస్తారు? దగ్గనగానే చీటీ రాసేస్తారు. మంచివారే, కసరరు. తలెత్తరు, అంతే. నేనూ చీటీ పుచ్చుకుని, సరేనండీ అని వచ్చేస్తాను.”

“పిచ్చిదానా! నలుగురు పిల్లల్ని ఈ బల్ల మీదే పెంచాను. చీటీ చాపుతాడా, అందుకోకు. చెయ్యి నొప్పెట్టి తనే తలెత్తుతాడు. అప్పుడు పాప చొక్కా పైకెత్తి చూపించు.”

“కోప్పడితే?”

“పడనీ.”

లోపలినుంచి పిలుపు వచ్చింది.

“నాకిక ఓపిక లేదు మామ్మగారూ. అలవాటుగా అందుకునేస్తానేమో.”

“పాపని రెండు చేతులతో ఎత్తుకుని వెళ్లు. చీటీకి చెయ్యి ఖాళీ ఉండదు.”