బాబాయ్ తుడిచేసిన తప్పు

సాయంత్రం ఐదింటికి ఆసుపత్రివాళ్లకి బ్లడ్ బ్యాంకు ప్రోగ్రాం అప్పజెప్పాలి. భోజనాలయ్యాక చూస్తే, అందరం కలిసి రాసే కోడ్‌లోంచి, నాతో పనిచేసే, నేను అక్కా అని పిలిచే ఆవిడ నాలుగు రోజుల పని మాయం. ఆవిడ మెషీన్‌లో కాపీ ఉంది గానీ, ఎలా పోయిందో తెలీకుండా మళ్లీ పెడితే ఇంకేం ఊడుతుందోనని మా ఇద్దరికీ భయం. ఏం చేయాలో ఆలోచించుకుందామని టీ కొట్టుకి వచ్చాం. ఆఫీసులో అందరికంటే పాతకాపు, మేమంతా బాబాయ్ అనే ఆయన అప్పటికే గ్లాసు పట్టుకుని ఉన్నాడు. మా మొహాలు చూడగానే అందుకున్నాడు.

"ఓస్, నేనుండగా కంగారెందుకర్రా? ఇవాళ పొద్దున ఎవరో మహానుభావుడు పాస్‌వర్డ్ల ఫైలు తెచ్చి అందరి కోడ్‌లో కమిట్ చేసేశాడు, అంటే చరిత్రలోకి ఎక్కించేశాడు."

"ఎవరు బాబాయ్?" అన్నాను.

"ఎవరైతే ఏంలే. ఇంకొకడైతే దానిమీద ఇంకో కమిట్ పెట్టి దిద్దుకుంటాడు. మనం అలా కాదే! తప్పు జరిగిన ఆనవాలే ఉండకూడదు. ఒక్క కమాండ్ కొట్టా, అది మాయం. ఆ ఊపుకి దాని వెనకదీ, దాని వెనకదీ, పోయిన సోమవారం దాకా! ఆ తర్వాత ఏమైందో తెలుసా? గోడ గడియారం వెనక్కి తిరిగింది. తాగేసిన టీ గ్లాసులోకి వచ్చేసింది. మేనేజరు బట్టతల మీద జుట్టు మొలిచిందంటే నమ్ముతావా? ఇంకొక్క కమిట్ వెనక్కెళితే ఆయన నిక్కరేసుకుని బడికెళ్లేవాడు, జాలేసి ఆపా!"

"ఆపకపోతే?"

"ఈ బిల్డింగు రాళ్లన్నీ నడుచుకుంటూ కొండకి పోయేవి! అందుకే కాళ్లు బల్లకి తన్నిపెట్టి, సర్వరు వద్దు మొర్రో అంటున్నా ఫోర్స్ పుష్ కొట్టా. పాతదంతా చెరిపేసి నాదే ఉంచింది, చచ్చినట్టు!"

అక్క గ్లాసు కింద పెట్టింది. "ఎన్నింటికి బాబాయ్?"

"పదిన్నరకి."

"సోమవారం దాకా పోయిందన్నారు కదా. నా పని మొదలైంది మంగళవారం."

బాబాయ్ చేతిలో గ్లాసు ఒరిగి టీ చొక్కా మీద పడినా చూసుకోలేదు.

"ఆ ఫైలు... నేనే పెట్టానమ్మా," అన్నాడు చివరికి. "ఎవరూ చూడకముందే తీసేద్దామనుకున్నా. మీ పని కూడా పోతుందని తట్టలేదు. పదండి, నేనూ వచ్చి చేస్తా."

"కోడ్ నేను చూసుకుంటా. ఆ పాస్‌వర్డ్లు ఎవరి కంట పడ్డాయో ఏమో, వెంటనే మార్చాలి. మీరు మేనేజరు దగ్గరికెళ్లి జరిగింది చెప్పండి."

"అంతేనా?"

"అంతే. ఒక్క ముక్క కూడా ఎక్కువ చెప్పకండి."