పుటలు లేని పుస్తకాలకు చిరునామా

పంతొమ్మిది వందల ఎనభై తొమ్మిది, ఆగస్టు పదహారో తేదీ, బుధవారం ఉదయం పది గంటలకు మన విశ్వవిద్యాలయ గ్రంథాలయంలో సహాయ సూచీకర్తగా బాధ్యతలు స్వీకరించిన ఆ ఇరవై మూడేళ్ల యువతికి కార్యాలయం అప్పగించిన సరంజామా ఒక కుర్చీ, అక్షరం ఒకటి ఎగిరిపోయిన టైపు మిషను, ఒక ఉక్కు స్కేలు. మెట్ల కింద ఉన్న ఆ గదికి కిటికీ ఒక్కటే. గోడ పొడవునా డెబ్బై రెండు సొరుగులు. గ్రంథాలయంలో ఉన్న ప్రతి పుస్తకానికీ ఆ సొరుగుల్లో ఒక కార్డు ఉండేది. కార్డు లేని పుస్తకం అరలో ఉన్నా లేనట్టే లెక్క.

అందరూ పెద్దాయన అని పిలుచుకునే నాటి ప్రధాన సూచీకర్త ఆమె చేతికి మొదటి పుస్తకం ఇచ్చి, పేరు, రచయిత, ముద్రణ, పుటల సంఖ్య రాయించాక, "ఎత్తు కూడా కొలిచి రాయమ్మా" అన్నారు.

"పుస్తకం ఎత్తు ఎవరికి కావాలండీ?" అని ఆమె అడిగేశారు. అడిగాక నాలుక కరుచుకున్నారు.

పెద్దాయన నవ్వారు. "ఎవరో ఒకరికి కావాలి. ఆ ఒక్కరూ ఎవరో మనకి తెలీదు. అందుకే అన్నీ రాస్తాం."

ఆ రోజు చేత బట్టిన స్కేలును ఆమె ఎంత శ్రద్ధగా వాడారంటే, నెల తిరక్కుండానే సిబ్బంది అందరి నోటా 'స్కేలు మేడమ్' అయిపోయారు. మూడేళ్ల తరువాత గడియారాలు బాగుచేసే వృత్తిలో ఉన్న తమ భర్తగారిని మనందరికీ పరిచయం చేసినప్పుడు, ఆయన చేతులు జోడించి చెప్పిన మాట ఇప్పటికీ తేనీటి వేళల్లో వినబడుతూనే ఉంటుంది: "మా ఇంట్లో ఉప్పు కోసం డబ్బా తీస్తే లోపల ఉప్పుండదండీ. 'ఉప్పునకు చూడుము: రెండవ అర, ఎడమ వైపు' అని చీటీ ఉంటుంది."

తొంభైల నడుమ ఒక నిఘంటువు వెనక అట్టకు అతికించిన సంచిలో, అద్దంలా మెరిసే పళ్లెం ఒకటి మన గ్రంథాలయంలో అడుగుపెట్టింది. దానిని అటూ ఇటూ తిప్పి చూసిన పెద్దాయన, "నాకింకా ఎనిమిది నెలలే సర్వీసుంది. ఈ పళ్లెం సంగతి నువ్వే చూసుకో తల్లీ" అని చేతులు దులుపుకున్నారు. స్కేలు మేడమ్ గారు దానినీ కొలిచారు. పన్నెండు సెంటీమీటర్లు. కొలత రాశాక కలం ఆగింది. ఈ పళ్లెంలో ఏముందో తెలియాలంటే దానిని నడిపే యంత్రం ఉండాలి; ఆ యంత్రం ఎలాంటిదో రాయకపోతే చదువరి దీనిని ఇంటికి మోసుకుపోయి ఏం చేసుకుంటాడు? అలా ఆలోచించి, నియమాల పుస్తకం వచ్చేంతవరకు వేచి ఉండక, 'దీనిని తెరవడానికి కావలసినవి' అని ఒక వరుసను ఆమె స్వయంగా కార్డు మీద చేర్చారు. కొన్నాళ్లకు పై నుంచి వచ్చిన నియమావళిలోనూ అదే వరుస ఉండటం చూసి గది గదంతా చప్పట్లు కొట్టింది.

ఆ పిదప లక్షా పన్నెండు వేల కార్డులను కంప్యూటరులోకి ఎక్కించే మహాయజ్ఞం నాలుగేళ్లపాటు సాగింది. దానిని ఆమె ఎంత నిబ్బరంగా నడిపించారో ఆ కాలంలో పక్కన కూర్చుని కళ్లు నులుముకున్న వారందరికీ తెలుసు.

అయితే అసలు పరీక్ష రెండు వేల ఏడులో ఎదురైంది. ఒక సోమవారం ఉదయం మూడు వందల ఎలక్ట్రానిక్ పుస్తకాలు కొన్నామని ఉత్తరం వచ్చింది. అట్టపెట్టెలు మాత్రం రాలేదు. పుస్తకాల బండి తోసే ఉద్యోగి, అందరికీ బండి బాబాయి, ఖాళీ బండితో గుమ్మంలో నిలబడి, "మేడమ్, మూడొందల పుస్తకాలొచ్చాయన్నారు, ఏ అరలో సర్దమంటారు?" అని అడిగారు.

"అవి అరలో ఉండవు బాబాయ్."

"మరెక్కడుంటాయి?"

"ఎక్కడో ఉంటాయి. ఇక్కడ నొక్కితే తెరుచుకుంటాయి."

బండి బాబాయి తన ఖాళీ బండి వైపు చూసుకుని, "అయితే మీ స్కేలుకీ నా బండికీ ఒకేసారి రిటైర్మెంటన్నమాట" అన్నారు. అందరూ పగలబడి నవ్వారు. ఆమె కూడా నవ్వారు గాని, ఆ మాట గుండెలో ఎక్కడో కలుక్కుమంది. పుటలు లేవు, ఎత్తు లేదు, చేతికి బరువు లేదు. పద్దెనిమిదేళ్లుగా కూడబెట్టుకున్న విద్య ఒక్క ఉత్తరంతో చెల్లని కాసైపోయిందా అన్న దిగులు ఆమెను రెండు రోజులు వదల్లేదు.

మూడో రోజు ఆ మూడు వందలలో మొదటి పుస్తకాన్ని తెరిచారు. సరఫరాదారు పంపిన జాబితాలో రెండో కూర్పు అని ఉంది. తెరపై తెరుచుకున్నది మూడోది. రెండో పుస్తకం ఒకసారికి ఒక్కరికే తెరుచుకుంటోంది. మూడోది అసలు తెరుచుకోనే లేదు. ఆమె ముఖం విప్పారింది. "మన పని పోలేదర్రా, పదింతలైంది!" అని పక్క గదిలోకి వెళ్లి మరీ చెప్పారు. అరలో పెట్టిన పుస్తకం పెట్టిన చోటే ఉంటుంది. ఇవి మాత్రం చెప్పాపెట్టకుండా చోటు మారతాయి, రూపు మారతాయి, ఒక్కోసారి మాయమే అవుతాయి. కనుక ఏ కూర్పు, ఏ తేదీన చూశాం, ఎక్కడ తెరుచుకుంటుంది, ఎవరికి అనుమతి ఉంది అన్న నాలుగు సంగతులు లేనిదే ఏ నమోదూ పూర్తి కాదని నాటినుండి ఆమె పట్టుబట్టారు.

ఆ పట్టుదల అందరికీ రుచించలేదన్నది దాచవలసిన విషయం కాదు. రెండు వేల పదమూడులో నలభై వేల ఎలక్ట్రానిక్ పుస్తకాలు, పత్రికల నమోదులు సరఫరాదారు నుంచి సిద్ధంగా వచ్చాయి. వాటిని ఉన్నవి ఉన్నట్టుగా సూచిలోకి దించేద్దామన్నారు నాటి గ్రంథాలయాధికారి. పేర్లు మారిన పాత పత్రికలకు వేరే నమోదులుండాలని, మూడు నెలలు గడువు కావాలని ఆమె కోరారు.

"పోయిన పేర్లతో ఎవరు వెతుకుతారండీ?" అన్నారు అధికారి.

"పాత వ్యాసాల కింద పాత పేర్లే ఉంటాయి కదండీ. వెతికేవాళ్లకి కొత్త పేరు ఎలా తెలుస్తుంది?"

గడువు ఆరు వారాలకు కుదిరింది. ఆ ఆరు వారాల్లో రెండు వందల పద్నాలుగు పత్రికల పాత పేర్లను వెలికితీసి, ఏది ఎప్పుడు ఏ పేరుగా మారిందో, ఏది దేనిలో కలిసిందో ఆమె ఒక్కొక్కటిగా నమోదు చేశారు. మొదటి ఏడాదిలో ఆ నమోదులను తెరిచి చూసినవారు ఎందరని లెక్క తీస్తే ముప్పై ఒక్కరు తేలారు. ఆ అంకెను సమావేశంలో ఒకరు వెటకారంగా చదివినప్పుడు ఆమె తలవంచుకుని వినడం మనలో చాలామంది చూశాం.

రెండేళ్లు గడిచాక ఒక బుధవారం మధ్యాహ్నం, ఏదో లింకు తెరుచుకోవడం లేదంటే చూడడానికి ఆమె కింది కౌంటరు దగ్గరికి వచ్చారు. అక్కడ ఒక పరిశోధక విద్యార్థిని తన సభ్యత్వ కార్డు తిరిగి ఇచ్చేస్తోంది. కళ్లు ఎర్రబడి ఉన్నాయి.

"ఇంకా ఏడాది వాడుకోవచ్చు కదమ్మా, ఇప్పుడే ఎందుకిచ్చేస్తున్నావు?" అన్నారు ఆమె.

"మానేస్తున్నా మేడమ్." ఆ అమ్మాయి కొంగుతో ముఖం తుడుచుకుంది. "నేల చౌడుబారడం మీద ఐదేళ్లు పనిచేశాను. నా సిద్ధాంత గ్రంథంలో ఒక అధ్యాయమంతా ఒక పాత వ్యాసం మీద ఆధారపడి ఉంది. ఆ పత్రికే లేదంటున్నారు పరీక్షకులు. నేను కల్పించానంట. శుక్రవారం కమిటీ ముందు నిలబడాలి. ఆ అవమానం నావల్ల కాదు."

"నువ్వు ఆ వ్యాసం చూశావా?"

"ఇక్కడే, పై అంతస్తులోనే చదివాను మేడమ్, మొదటి ఏడాదిలో. తర్వాత ఆ బైండు పుస్తకాలు తీసేశారు, అన్నీ కంప్యూటర్లోకి వచ్చేశాయని. ప్రచురణ సంస్థ వెబ్‌సైటులో వెతికితే ఆ పేరే లేదు."

"ఏ పేరు?"

"నేల-నీరు. పంతొమ్మిది వందల డెబ్బై ఒకటి."

స్కేలు మేడమ్ గారు చిన్నగా నవ్వారు. "పత్రికలకీ పెళ్లిళ్లవుతాయమ్మా. ఇంటిపేరు మారిపోతుంది. రా, నాతో రా." కౌంటరు వైపు తిరిగి, "ఆ కార్డు ఆ అమ్మాయికి ఇచ్చెయ్యండి" అన్నారు.

మెట్ల కింద గదిలో ఆమె సూచి తెరిచారు. రెండు వందల పద్నాలుగింటిలో 'నేల-నీరు' ఉంది: పంతొమ్మిది వందల డెబ్బై ఎనిమిదిలో 'సాగు సమీక్ష'తో కలిసి 'సేద్య విజ్ఞానం' అయింది. అమ్మాయి ఊపిరి పీల్చుకుంది. ఆమె గర్వంగానే లింకు నొక్కారు. 'సేద్య విజ్ఞానం' తెరుచుకుంది. మొదటి సంచిక, డెబ్బై ఎనిమిది. అంతకు ముందువి లేవు. పైకీ కిందికీ వెతికారు. లేవు.

ఆమె తమ నమోదును మళ్లీ తెరిచి చదివారు. పెళ్లయిందని రాశారు గాని, పుట్టింటి సామాను ఎక్కడికి పోయిందో రాయలేదు. ఇంత జాగ్రత్త పడిన తామే, అసలైన వాక్యం ఒకటి వదిలేశారు.

"తప్పు నీది కాదు," అన్నారు చివరికి. "ఆ పరీక్షకులదీ కాదు. నాది. రేపు మధ్యాహ్నానికల్లా నీ వ్యాసం నీ చేతిలో పెడతాను."

గురువారం ఉదయం ప్రచురణ సంస్థ సహాయ విభాగానికి ఆమె నాలుగుసార్లు ఫోను చేశారు. మొదటి ముగ్గురూ అలాంటి పత్రిక తమ దగ్గర లేదని మర్యాదగా చెప్పి పెట్టేశారు. నాలుగో వ్యక్తిని ఆమె వదల్లేదు. "లేదనకండి బాబూ. ఆ పత్రిక బైండు పుస్తకాలు ఇరవై రెండు, ఒక్కొక్కటీ ఇరవై అయిదు సెంటీమీటర్లు. నా చేత్తో కొలిచాను. మీరు స్కాను చేశామని చెబితేనే మేం అరలోంచి తీశాం. 'సాగు సమీక్ష'లో చూడండి." అవతల కీబోర్డు చప్పుడు, ఆపైన సిగ్గుపడిన గొంతు: 'నేల-నీరు' సంచికలన్నీ 'సాగు సమీక్ష' అనుబంధాలుగా, పేరు లేకుండా, వరుస సంఖ్యలతో మాత్రమే దాఖలై ఉన్నాయట.

పన్నెండున్నరకు వ్యాసం తెరపైకి వచ్చింది. డెబ్బై ఒకటి, మూడో సంచిక, నలభై ఆరో పుట. పక్కనే నిలబడ్డ ఆ అమ్మాయి రెండు చేతులతో నోరు మూసుకుని, నవ్వో ఏడుపో తెలియని శబ్దం ఒకటి చేసింది. భోజనాలకు లేచిన వాళ్లంతా బల్ల చుట్టూ మూగారు. బండి బాబాయి ప్రింటు తీసిన కాగితాలను రెండు చేతులతో పట్టుకుని, తట్టి, వరుస సరిచేసి ఇచ్చారు.

శుక్రవారం పదకొండు గంటలకు కమిటీ ముందు ఆ అమ్మాయి పక్కన స్కేలు మేడమ్ గారు కూడా కూర్చున్నారు. పరీక్షకులుగా వచ్చినాయన వృద్ధుడు, నిక్కచ్చి మనిషి. వ్యాసాన్ని మొదటినుంచి చివరిదాకా చదివి, కళ్లజోడు తీసి, "నేను మూడు రోజులు వెతికానమ్మా, దొరకలేదు" అన్నారు.

"దొరక్కపోవడం మీ లోపం కాదండీ," అన్నారు ఆమె. "మా సూచిలో ఒక వాక్యం తక్కువైంది. ఆ లోటుకి ఈ అమ్మాయిని శిక్షించకండి."

ఆయన లేచి నిలబడి, "నన్ను క్షమించు తల్లీ" అని విద్యార్థినితో అందరి ముందూ అన్నారు. ఆ మాటకు ఎక్కువగా కళ్లు చెమర్చింది ఎవరికన్నది చూసినవారు ఇప్పటికీ తేల్చుకోలేకపోతున్నారు. ఆ విద్యార్థిని నేడు మన విశ్వవిద్యాలయంలోనే ఆచార్యురాలు. తమ శిష్యులను మొదటి వారంలోనే మెట్ల కింద గదికి పంపించడం వారి నియమం.

ఆ అమ్మాయికి అభినందనలు అందుతున్న ఆ శుక్రవారం మధ్యాహ్నమే స్కేలు మేడమ్ గారు తమ రెండు వందల పద్నాలుగు నమోదులను మొదటినుంచి తిరగేయడం ఆరంభించారు. పంతొమ్మిదింటిలో అదే లోపం బయటపడింది. ఆ జాబితాను తామే సమావేశంలో చదివి వినిపించి, సరిదిద్దడానికి ఇద్దరు సహాయకులను కోరారు. ఈసారి అధికారి మారు మాట్లాడకుండా ముగ్గురినిచ్చారు.

ప్రధాన సూచీకర్తగా గడిపిన చివరి తొమ్మిదేళ్లలో వారు చేసిన పనులను వివరించడానికి ఈ వీడ్కోలు సంచిక చాలదు. ఒక్కటి మాత్రం చెప్పక తప్పదు. చూపు లేని మన టెలిఫోను ఆపరేటరు గారు, ఏ ఎలక్ట్రానిక్ పుస్తకాన్ని యంత్రం పైకి చదివి వినిపించగలదో తెరిచేదాకా తెలియడం లేదని ఒకనాడు మాటవరసకు అన్నారు. ఆ మరుసటి వారం నుంచి ప్రతి నమోదులో 'పైకి చదివించుకోవచ్చు' లేదా 'వీలుపడదు' అన్న గమనిక కనబడసాగింది. "ఇప్పుడు మేడమ్ నాకు పుస్తకం కాదు, గ్రంథాలయం ఇచ్చారు" అని ఆపరేటరు గారు ఈ సంచిక కోసం ప్రత్యేకంగా చెప్పి రాయించారు.

కిందటి వారం, వీడ్కోలు ఏర్పాట్ల నడుమ, విరమణ తరువాత ఏం చేయబోతున్నారని వారి కుమార్తె మా అందరి ఎదుటా అడిగారు. "అమ్మా, ఇంట్లో డబ్బాలకి మళ్లీ కొత్త చీటీలు రాస్తావా?"

"లేదే," అన్నారు ఆమె. "ముప్పయ్యారేళ్లలో ఎన్ని లక్షల పుస్తకాలు తెరిచానో! పేరున్న పుట చూశాను, దాని వెనక పుట చూశాను, చివరి అంకె చూశాను, మూసేశాను. మధ్యలో ఏముందో చూసే తీరిక దొరకలేదు. ఇక మధ్య పుటలు చదువుకుంటాను."

వెతికే ప్రతి ఒక్కరికీ దారి చూపించి, తాము మాత్రం గుమ్మం దగ్గరే నిలిచిపోయిన ఆ విదుషీమణి ఇక నిశ్చింతగా లోపలికి అడుగుపెట్టాలని, చూపు చెదరక, చేయి వణకక, భర్తగారి గడియారాల చప్పుడు తోడుగా నిండు నూరేళ్లూ ఆరోగ్యంతో, ఆనందంతో చదువుకుంటూ ఉండాలని, ఒక్కో పుస్తకంలో నడుమ పుట దగ్గర ఆగి "అరే, ఇందులో ఇంతుందా!" అని ఆశ్చర్యపోయే మధ్యాహ్నాలు వారికి లెక్కలేనన్ని కలగాలని మెట్ల కింద గదిలోని మేమందరం మనసారా కోరుకుంటున్నాం.