నాన్న కుర్చీ

బోత్స్వానాలోని ఆ ఊళ్లో సభ అంటే మగవాళ్లు ఎవరి కుర్చీ వాళ్లు మోసుకెళ్తారు, ఆడవాళ్లు చాపలు పట్టుకెళ్లి నేలమీద కూర్చుంటారు. ఆ ప్రాంతం నుంచి పార్లమెంటుకు గెలిచిన తొలి మహిళను చూడడానికి ఇవాళ ఊరంతా కదిలింది. ఆమె తల్లి మాత్రం ఇంకా వాకిట్లోనే ఉంది. చనిపోయిన భర్త తోలుకుర్చీని తుడిచి తుడిచి మెరిపిస్తోంది.

“ఎందుకమ్మా అంత తుడుపు? తోలు అరిగిపోతుంది,” అంది సభకు సిద్ధమై వచ్చిన కూతురు.

“నువ్వు కూర్చోవద్దూ? రాజధాని గాబరోనెలో కుర్చీ ఎక్కి, ఇక్కడ నేలమీద చతికిలబడతావా?”

“నాకు ఊరి పెద్దే కుర్చీ వేయిస్తున్నాడు. పొద్దున్నే కబురు పంపాడు.”

“ఆయనా! నీ పేరెత్తితే బుసలు కొట్టేవాడు కదే?”

“గెలిచాక తప్పుతుందా మరి?”

“అయితే దీన్ని లోపల పెట్టేసి, నా చాప ఇలా తే.”

“చాప వద్దు. ఆ కుర్చీ నువ్వు వేసుకో.”

“మతిపోయిందా నీకు? నువ్వంటే పార్లమెంటు మనిషివి. నేనెవర్ని?”

“నాకు ఓటేయమని గడప గడపా తిరిగినదానివి. కుర్చీ నా ఒక్కదానికే అయితే, రేపు నేను ఓడిపోగానే తీసేస్తారమ్మా.”

ముసలమ్మ కుర్చీని ఎత్తి, మళ్లీ దించేసింది.

“నేను కూర్చున్నానంటే మగాళ్లంతా నోట మాట రాక నన్నే చూస్తారే!”

“మంచిదేగా. నేను మాట్లాడేటప్పుడు వాళ్లు నోరు మూసుకోవడం ఎప్పుడైనా చూశావా?”

ముసలమ్మ ఫక్కున నవ్వింది. కుర్చీని నెత్తికెత్తుకుని వాకిలి దాటింది.

“అయితే తొందరగా నడువు. ముందు వరస నిండిపోతుంది.”