గంప పన్ను

తిట్టత్తా, తిట్టు. ఆ పన్ను మాట చెప్పినోళ్ళ నాలిక పుండుపడాలన్నావు, బాగుంది. అక్కడితో ఆపేశావేటి? కడుపు మండినప్పుడు మనిషి తిట్టకపోతే ఎలాగ? సర్కారంటే అంతే మరి. ఖజానాలో లోటొచ్చిందంటే ముందు వాళ్ళ కళ్ళు పడేది నీ నెత్తిమీద గంప మీదే!

నా నాలికా? అబ్బే, ఏం లేదు. పొద్దున్న టీ కాలింది. అందుకే తడిమి చూసుకున్నాను.

సరే, హిందీ పాఠం కానిద్దాం. రేపు ఆడోళ్ళందరినీ వెంటేసుకుని ఆఫీసుకి వెళ్తానంటున్నావు గదా. గంపకి పన్నియ్యం అని ఇంకోసారి అను. ‘సాబ్, హమ్ టోక్రీ కా టాక్స్ నహీ దేగా.’ ఆహా! నువ్వలా కత్తిపీట మీంచి లేచి అంటే సాబ్ కుర్చీ వదిలి పారిపోతాడు. కొంచెం మెల్లిగా అను. కత్తి కూడా ఇక్కడే వదిలేసి వెళ్ళు.

అమ్మయ్య, నవ్వావు. వారం నించీ నీ మొహమ్మీద ఆ నవ్వు చూళ్ళేదు.

ఆ నెత్తళ్ళు ఇటియ్యి, తలలు నేను తుంచుతాను. చేతులు ఊరికే ఉంటే నాకు నోరాగదు. అలా చూస్తావేటి? ఫోన్ల కొట్లో పన్లో చేరినంత మాత్రాన ఈ బేబీరాణికి చేపల వాసన పడదనుకున్నావా? మా అమ్మ మోసింది ఈ గంపే కాదూ? అవతల ఫెర్రీ దిగే చోట, ఛాథం గేటు పక్కన మీ ఇద్దరి గోనెపట్టాలూ ఒకదాన్నొకటి ఆనుకునే ఉండేవి. అమ్మ పోయాక ఆ చోటు కూడా నువ్వే కాచావు, ఇంకెవర్నీ కూచోనివ్వకుండా. నాకు పన్లేనన్నాళ్ళూ ‘ఉండనీలే, పిల్ల ఎప్పుడైనా కూచుంటాదేమో’ అనేదానివట. నాకు తెలుసు.

ఇప్పుడు ఆ రెండు చోట్లూ మీ పక్కన కూచునే చిట్టితల్లివి. అదీ నాకు తెలుసులే.

దాన్నేమంటావు? గేటు దగ్గర పద్ధతే అది. కూచున్నోళ్ళదే చోటు. జ్వరమొస్తే ఒకటి రెండు రోజులు చూస్తారు, ఆ తర్వాత పక్కావిడ పట్టా జరుగుతుంది. నువ్వు రావటం మానేశావు, అది జరిగింది. ఇక కదలదు. నువ్వేమో ఫెర్రీ ఎక్కితే గంపకి పన్ను కట్టాలని రేవు వేపే రాకుండా, ఈ బాంబూఫ్లాట్ సందులన్నీ ఎండలో తిరుగుతున్నావు. బస్సులో వెళ్దామంటే అరదీవి చుట్టి రావాలి. పైగా ఆ కండక్టర్ భయ్యా ‘మఛ్లీ నహీ, మఛ్లీ నహీ’ అని దింపేశాడటగా?

నాకెవరు చెప్పారా? అందరూ చెప్పుకుంటున్నారత్తా.

అచ్ఛా, ఇది విను. రేపు సాబ్ ఒక మాట అడుగుతాడు. ‘ఈ పన్ను సంగతి నీకెవరు చెప్పారమ్మా?’ అంటాడు. ఏం చెప్తావు?

రేపట్నించి ప్రతి గంపకీ పన్నని ఫెర్రీలో అనౌన్స్‌మెంట్ విన్నానంటావా. ఊఁ. హిందీలోనా. ఆడగొంతా. పైనించి వచ్చిందా.

మరి సాబ్ గనక, ‘అలాంటి పన్నేదీ లేదే’ అంటే? పక్కనున్న గుమాస్తాలు కిసుక్కుమంటే? నీ వెనక నిలబడ్డ ఆడోళ్ళు నీ మొహం చూస్తే?

‘నా చెవులతో నేను విన్నాను, ఎందుకు నవ్వుతారు’ అంటావు. నిజమే. విన్నావు. నువ్వు అబద్ధమాడవు.

కాస్త మంచినీళ్ళియ్యత్తా.

నీకు మా అసెంబ్లీ సంగతి తెలీదు గదూ? ఎలా తెలుస్తుందిలే. మీరు గంపలోళ్ళు కింద స్కూటర్ల మధ్య నిలబడతారు. మేం మెట్లెక్కి పైన బెంచీల మీద కూచుంటాం. వాసనని మిమ్మల్ని పైకి రానివ్వరు. మేమూ ఎప్పుడూ, ఇదేటిది అని అడగలేదు.

పైన సాయంత్రం ఫెర్రీలో మనవాళ్ళంతా చేరతారు. ఎడమ పక్క బెంచీ అధికార పక్షం, కుడి పక్క బెంచీ ప్రతిపక్షం. మన దీవులకి అసెంబ్లీ లేదు గదా! ఢిల్లీ ఎంత పంపితే అంత. పోట్లాడుకోటానికి మనకంటూ ఒక బడ్జెట్ అయినా లేదు. అందుకని మనవాళ్ళు ఆంధ్రా బడ్జెట్ పెట్టుకుని పోట్లాడుకుంటారు. అక్కడ ఒక్కడికీ ఓటు లేదు, అయినా పార్టీ మాత్రం ఉంది! చలపతి మాస్టారు ఫోన్లో పేపరు తీసి, ‘అప్పు తెచ్చి జీతాలిస్తారా? ఇదేనా మీ పరిపాలన?’ అని లేస్తారు. సిమెంటు కొట్టు గురునాథం ఆర్థిక మంత్రి. ‘ఆ గొయ్యి తవ్వింది మీ పార్టీ కాదూ? పూడ్చటానికి మేం చస్తున్నాం’ అని ఆయన లేస్తాడు. వాళ్ళిద్దరి మధ్యా స్పీకర్ ఎవరనుకున్నావు?

నేనే. నా టిఫిను డబ్బా మూతే గంట. ‘కూర్చోండి, కూర్చోండి! సభ్యులు సభ మర్యాద కాపాడాలి!’ అని చెంచాతో కొడతాను. భలే సరదాగా ఉంటుందిలే. రోజంతా కొట్లో ‘దీదీ, ఈ కవరు లేదా, ఆ కవరు లేదా’ అనిపించుకున్న మనిషికి, పెద్దోళ్ళందరూ నన్ను చూసి, ‘అధ్యక్షా!’ అంటే ఎలాగుంటుంది చెప్పు?

ఆరోజు లోటు మీద పడ్డారు. మాస్టారు వదల్లేదు. ‘ఇంత లోటు ఎలా పూడుస్తారో మంత్రిగారు సభకి చెప్పాలి’ అని పట్టు. గురునాథం పన్నులు మొదలెట్టాడు. గొడుగు మీద పన్నన్నాడు. కిటికీ పక్క సీటుకి పన్నన్నాడు. మాస్టారి తుమ్ముకి కూడా పన్నేశాడు. అందరూ పడీ పడీ నవ్వుతున్నారు. నేను గంట కొట్టి, ‘సభ్యులారా, మోసే గంప మీద పన్ను ఎవరికీ తట్టలేదే!’ అన్నాను.

ఎందుకన్నానా? ఎందుకూ లేదత్తా. రెయిలింగు దగ్గర నించున్నాను. కిందకి చూస్తే గంపలు కనబడ్డాయి. అంతే. మాస్టారి తుమ్ము కనబడితే తుమ్మన్నాడు, నాకు గంప కనబడితే గంపన్నాను.

అక్కడితో ఊరుకున్నా పోయేది. బిల్లు పాసైంది, రెండు పక్షాలూ బల్లలు చరిచాయి. ఎప్పుడూ ఒక్క మాట మీద నిలబడని ఇద్దరూ ఆ ఒక్క బిల్లు మీద కలిశారు. నాకు హుషారెక్కింది. పాసైన చట్టాన్ని ప్రజలకి తెలియజెయ్యాలి గదా?

చేతులు ఇలా నోటి చుట్టూ గోడలా పెట్టుకుని, కిందకి వంగి...

ఆగు. నువ్వు కళ్ళు మూసుకో. మూసుకోమంటున్నాను గదా, ఒక్కసారి.

‘కృపయా ధ్యాన్ దీజియే. కల్ సే హర్ టోక్రీ పర్ టాక్స్ లగేగా.’

అత్తా.

కత్తిపీట మీంచి చెయ్యి తియ్యి, తెగుతుంది. యర్రమ్మత్తా, తియ్యి చెయ్యి.

అవును. ఆ గొంతే. ఆ సర్కారు నేనే.

మైకు కాదు, ఆఫీసు కాదు, ఢిల్లీ అసలే కాదు. ఫోన్ల కొట్టు బేబీరాణి. వాళ్ళలాగా వీళ్ళలాగా గొంతు మార్చి నలుగుర్నీ నవ్విస్తుంది చూడు, అది. చిన్నప్పుడు నీ గొంతుతో ‘ఓలమ్మో, కానాగంతలో!’ అని చేపలమ్ముతున్నట్టు అరిస్తే నువ్వే ముద్దెట్టుకుని ఇంకోసారి అనమన్నావు. ఆ పిల్లే.

నువ్వు నమ్ముతావనుకోలేదు. ఒట్టు. కింద తలలన్నీ పైకి లేస్తే, వాళ్ళూ నవ్వుతున్నారనుకున్నాను. ఆ ఇంజను చప్పుడులో ఎవరు నవ్వారో, ఎవరు నవ్వలేదో నాకేం తెలుసు? కానీ తెలియాల్సిందే గదా. ఇంట్లో తెలుగు మాట్లాడతాం, బజార్లో అందరితో కలిపి మాట్లాడతాం. పైనించి గట్టిగా ఒట్టి హిందీ వినబడిందంటే మాత్రం తలొంచుకుంటాం. అది సర్కారే అనుకుంటాం. నేనూ అనుకుంటాను! అందుకే ఆ గొంతు నాకంత బాగా వచ్చింది.

మర్నాడు నువ్వు కనబడలేదు. ఒంట్లో బాలేదేమో అనుకున్నాను. తర్వాత చిట్టితల్లి పట్టా జరిగింది. అప్పుడు తెలిసింది నాకు. ఆరోజే వచ్చి చెప్పాల్సింది. వచ్చాను కూడా, మీ సందు మలుపు దాకా. నువ్వు ఎవరితోనో, ‘నెత్తిన మోసేదానిక్కూడా పన్నేటి, నేనూరుకోను’ అంటున్నావు. అంత గట్టిగా మాట్లాడ్డం నేనెప్పుడూ వినలేదు. వెనక్కి తిరిగి పోయాను.

అసెంబ్లీలో అన్ని సాయంత్రాలు అంతమంది లేచారు, అరిచారు, బల్లలు చరిచారు. పన్ను వద్దని నిజంగా లేచి ఒక్క గుమ్మానికి వెళ్ళినోడు లేడు. ఆఫీసు మెట్టెప్పుడూ ఎక్కని నువ్వు ఇంతమందిని కూడగట్టావు. లేని పన్ను మీద. నా మూలంగా.

రేపు వెళ్ళకు. కాళ్ళు పట్టుకుంటాను, వెళ్ళకు. ఆడోళ్ళకి నేనే చెప్తాను. రేపు పొద్దున్న ఫెర్రీలో, పైనించి కాదు, కిందే, మీ మధ్య నిలబడి, నా గొంతుతోనే చెప్తాను. వాళ్ళు గంపలోవి నా మొహాన కొట్టినా సరే. పన్ను రద్దు చెయ్యటం నా చేతిలో పని. ఒక్క మాట.

నీ చోటు తిరిగి రావటానికే నా దగ్గర ఏ గొంతూ లేదు.

చిట్టితల్లినడిగాను. అడిగానులే, నిన్న. ‘నేనెవర్నీ లేపలేదు దీదీ, ఖాళీగా ఉంటే కూచున్నాను. నాకూ పిల్లలున్నారు’ అంది. దాన్లో తప్పేముంది? తప్పేమీ లేదు, అదే నా ఏడుపు.

ఏదో ఒకటి అనత్తా. ఇందాక సర్కారుని తిట్టినట్టు తిట్టు. నాలిక పుండుపడాలన్నావు చూడు, అది మళ్ళీ అను, ఈసారి నా మొహం చూసి.

ఏటీ?

మాస్టారా... చలపతి మాస్టారు కూడా ఉన్నారా అనా?

ఉన్నారు. నీ కొడుక్కి ఫీజు లేకుండా చదువు చెప్పారని, ఆయన గుమ్మం ముందు నీ గంప ఆగకుండా పోదు, తెలుసు నాకు. ఆయనకి నువ్వు కింద ఉన్నావని తెలీదత్తా. ఆయన కిందకి చూళ్ళేదు.

చరిచారు. రెండు చేతుల్తోనూ బల్ల చరిచారు.

నేనా? నేను చూశాను. నీ గళ్ళ చీర, నీ నెత్తిమీద చుట్టకుదురు, నువ్వు తల పైకెత్తటం, అన్నీ చూశాను. నీకు కనబడతానేమోనని రెయిలింగు కిందకి కూలబడి, నోటికి చెయ్యడ్డం పెట్టుకుని నవ్వాను. అందరికంటే ముందు నేనే నవ్వాను.

తలలు తుంచటం అయిపోయింది. ఇంకేవైనా ఉంటే ఇటియ్యి.